మైనపు దొరకు ఏడు రోజుల జ్వరం

చక్రవర్తి చచ్చి, కాలి, బూడిదై, ఆ బూడిద పాలరాతి కలశంలో చేరిపోయాక ఆయనకు జబ్బు చేసింది. రోములో పద్ధతి అదే మరి. మనిషి పోయినా మైనంతో అచ్చం అలాంటి బొమ్మను పోసి, రాజభవనం గుమ్మంలో దంతపు మంచం మీద పడుకోబెట్టి, బంగారు దుప్పటి కప్పుతారు. వైద్యులు రోజూ వచ్చి నాడి చూసి, విషమించిందని చెప్పి వెళతారు. ఏడో నాడు పోయారని ప్రకటిస్తారు. అప్పుడే ఆయన దేవుడవుతాడు, ఆయన దత్తుడు దేవుడి కొడుకుగా గద్దె మీద స్థిరపడతాడు. మధ్యలో ఎక్కడ తేడా వచ్చినా కొత్త ఏలుబడికి అపశకునం.

ఈ తంతులో కార్పస్ పని ఈగలు తోలడం. దొర బతికుండగా ఏళ్ల తరబడి ఆయన తలాపున నిలబడి నెమలీకల విసనకర్ర ఊపిన బానిస అతను. బతికినన్నాళ్లూ విసిరిన చెయ్యే ఇప్పుడూ విసరాలట, చెయ్యి మారితే దొర నిద్ర చెడుతుందట. భవనం పనులన్నీ చూసే అమరాంథస్ పిలిచి ఆ మాట చెప్పగానే కార్పస్‌కు ఛాతీ ఉబ్బింది. ఆ ఉబ్బును తరవాత బతుకంతా తిట్టుకున్నాడు. ఆ పొద్దున్నే అతని ఆరేళ్ల కూతురు ఫీబెకి ఒళ్లు వెచ్చబడింది. పిల్లకు బాగోలేదని అప్పుడే చెప్పి ఉంటే ఇంకొకణ్ణి పెట్టుకునేవారేమో. వెచ్చబడ్డమే కదా, రేపటికి సర్దుకుంటుందిలే అనుకుని తెల్ల అంగీ తొడుక్కుని వెళ్లాడు.

మంచానికి ఎడమ పక్క నల్లబట్టల్లో సభ పెద్దలు, కుడి పక్క నగలు తీసేసి తెల్లబట్టల్లో పెద్దింటి ఆడవాళ్లు. పొద్దుట్నుంచి సందె దాకా అందరూ నోళ్లు కుట్టేసుకుని కూర్చుంటారు. కార్పస్ విసురుతూనే ఉంటాడు. మైనం మీద ఈగ వాలదు. ఈగలన్నీ సభ పెద్దల బట్టతలల మీద వాలేవి గాని, వాటిని తోలమని అతనికెవరూ చెప్పలేదు.

సందె పడి తెరలు దించాక వంటశాల వెనక ఉన్న తన ఇరుకు గదికి పరిగెత్తేవాడు. అప్పటికి ఫీబె ఒళ్లు పెనంలా కాలిపోతూ ఉండేది. భార్య స్యూరా వంటశాలలో గిన్నెలు తోముతుంది. పని మధ్యలో వచ్చి పిల్ల నుదుటి మీద తడిగుడ్డ మార్చి పోతూ ఉంటుంది. రెండో సందె వేళ ఆమె ఇక ఉండబట్టలేకపోయింది.

"మైనానికి ఈగలు వాలతాయేంటయ్యా? అంత పెద్ద వైద్యులు నీ పక్కనే నిలబడతారంటున్నావు. నోరు తెరిచి ఒక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయింది?"

మర్నాడు అడిగాడు. పెద్ద వైద్యుడు డయోక్లెస్ అనే గ్రీకు ముసలాయన మంచం మీదికి వంగి మైనపు మణికట్టు పట్టుకుని ఉండగా, కార్పస్ విసనకర్ర తన మూతికి అడ్డం వచ్చేలా ఊపుతూ గొణిగాడు.

"అయ్యగారూ, నా పిల్లకి జ్వరం దిగట్లేదు. ఒక్కసారి వచ్చి చూసిపోండి, మీ కాళ్లు పట్టుకుంటాను."

ఆయన తల తిప్పలేదు. ఈ ఏడు రోజులూ ఇంకో రోగిని ముట్టుకోబోమని వైద్యులందరూ గుడిలో నిప్పు మీద ఒట్టు పెట్టుకున్నారని, తప్పితే తన తల ఎగిరిపోతుందని, కార్పస్ చర్మం కూడా మిగలదని నెమ్మదిగా చెప్పాడు. అంతలో ముసలాయన చెయ్యి మణికట్టు వదిలి మైనపు పొట్ట మీదికి జరిగింది.

"నొప్పెక్కడంటోందిరా? ఇక్కడా?"

"ఇంకాస్త కిందండి."

"నాలిక?"

"తెల్లగా పూతేసినట్టుందండి."

"తాగిన నీళ్లు నిలుస్తున్నాయా?"

"లేదండి. కక్కేస్తోంది."

చక్రవర్తి బతికుండగా కూడా డయోక్లెస్ అంత శ్రద్ధగా చూసి ఎరగడు. బార్లీ కాచి వడగట్టి, తేనె కలిపి, చుక్క చుక్కగా నోట్లో పొయ్యమన్నాడు. వెనిగర్ నీళ్లలో ముంచిన గుడ్డ అరికాళ్లకి చుట్టమన్నాడు. ఆ తరవాత నిటారుగా లేచి, ఆచారం ప్రకారం గట్టిగా, "నిన్నటికన్నా విషమించింది" అన్నాడు. సభ పెద్దలు లెక్క ప్రకారం నిట్టూర్చారు. ఆ మాట రోజూ అనేదేనని కార్పస్‌కి తెలుసు. తెలిసీ భయపడ్డాడు.

ఇంటికొచ్చాక ఫీబె రోజూ ఒకటే అడిగేది, దొరకి ఎలా ఉందని. దొరకీ తనకీ ఒకే రోజు జబ్బు చేసిందని దానికి పెద్ద గొప్ప.

"తగ్గుతోందమ్మా," అనేవాడు కార్పస్.

"అయితే నాకూ తగ్గిపోద్దిలే నాన్నా. మా ఇద్దరికీ ఒకే వైద్యుడు కదా."

నిజంగానే ఒకరోజు తగ్గింది. బార్లీ నీళ్లు నిలిచాయి. అత్తిపండు కావాలని మారాం చేసింది. స్యూరా వంటశాలలోంచి ఒకటి కొంగు చాటున తెచ్చి నోట్లో పెడితే సగం తిని, మిగతా సగం దొరకిమ్మని తండ్రి చేతిలో పెట్టింది. మర్నాడు కార్పస్ ఆ కబురు చెబుతుంటే డయోక్లెస్ మొహం విప్పారింది. అయినా లేచి, విషమించిందనే చెప్పాలి. చెప్పే ముందు వంగి, "ఇది నీ పిల్ల గురించి కాదురా, మనసులో పెట్టుకోకు" అన్నాడు. కార్పస్ మనసులో పెట్టుకున్నాడు. ఆ సందెకే జ్వరం మళ్లీ తిరగబెట్టింది.

ఆఖరి రోజు తెల్లవారుతుండగా ఫీబె తల్లి ఒళ్లో పోయింది. ఏ ఆర్భాటమూ లేదు. దొర లేచాడా అని అడిగింది, జవాబు వినలేదు.

కార్పస్ గోడకి చేరగిలబడిపోయాడు. భవనంలో బూరలు ఊదారు. స్యూరా పిల్ల జుట్టు సవరిస్తూ, తల ఎత్తకుండా అంది.

"వెళ్లు. నీ మైనానికి ఈగలు వాలతాయి."

వెళ్లాడు. వెళ్లకపోతే కొరడా దెబ్బలు తప్పవు గాని, అతన్ని నడిపించింది అది కాదు. ఈ కబురు చెప్పుకోవడానికి అతనికి లోకంలో ఒక్క మనిషే ఉన్నాడు. ఆ మనిషి ఏ రోజూ పిల్లను చూడలేదు. అయినా ఇన్నాళ్లూ దాని గురించి అడిగింది ఆయన ఒక్కడే.

డయోక్లెస్ వచ్చాడు, వంగాడు, మైనపు మణికట్టు పట్టుకున్నాడు. ఎలా ఉందన్నట్టు కళ్లెత్తాడు.

"అయిపోయిందయ్యగారూ."

ముసలాయన ఆ మణికట్టు వదల్లేదు. మైనం వేలి వెచ్చదనానికి సొట్టపడేదాకా అలాగే పట్టుకుని ఉన్నాడు.

"పేరేంటిరా దానిది? అడగనేలేదు."

"ఫీబె అండి."

ఆయన లేచాడు. "పోయారు" అన్నాడు.

గుమ్మమంతా ఒక్కసారిగా గొల్లుమంది. ఏడవడానికి అనుమతి అప్పుడొచ్చింది. కార్పస్ నేలమీద కూలబడి, నుదురు మంచం కోడుకేసి కొట్టుకుంటూ, సభ పెద్దలందరి ఏడుపూ మునిగిపోయేలా ఏడ్చాడు. ఊదారంగు అంగీలో అటుగా వచ్చిన కొత్త చక్రవర్తి ఆగి చూశాడు. కళ్లు తడి చేసుకుని, స్వామిభక్తంటే ఏమిటో ఈ బానిసను చూసి నేర్చుకోమని సభ పెద్దలకు చెప్పాడు. వీడికేం కావాలో అడగమని అమరాంథస్‌ని పురమాయించాడు.

కార్పస్ విసనకర్ర అడిగాడు. ఇంకేమీ అక్కర్లేదన్నాడు. దొర గుర్తుగా దాచుకుంటాడు కాబోలని అందరూ మెచ్చుకున్నారు. మైనపు దొరను భుజాల మీద ఎత్తుకుని చితి దగ్గరికి ఊరేగింపు సాగిపోయింది. దేవుడు, దేవుడు అని వీధులు హోరెత్తాయి.

వంటశాల వెనక గదిలో స్యూరా పొద్దుట్నుంచీ కూర్చున్న చోటే కూర్చుని, గిన్నెలు తుడిచే గుడ్డ ఊపుతూ ఉంది. ఆమె చెయ్యి పడిపోతోంది.

"నువ్వు కాసేపు ఆగు," అన్నాడు కార్పస్.

పిల్ల తలాపున కూర్చుని నెమలీకల విసనకర్ర ఎత్తాడు. ఇక్కడ ఈగలున్నాయి.