పైకి చూపే బాణం

మా ఇంటి మెట్ల పక్క గోడ మీద ఒక మరక ఉంది. పై గది గుమ్మం నుంచి కింది దాకా, నడుము ఎత్తున, అరచెయ్యంత వెడల్పున సాగుతుంది. మా అత్తగారి చెయ్యి అది. ఆవిడ పోయి ఏడాది దాటింది. రెండుసార్లు రంగు వేయించాం, రెండుసార్లూ పైకి తేలింది. గోడలో చెమ్మ ఉందన్నాడు రంగులు వేసేవాడు. చెమ్మ మెట్టు మెట్టుకీ ఆగి, ఆగిన చోటల్లా ఎక్కువ నల్లబడుతుందా అని అడిగాను. నావైపు అదోలా చూసి డబ్బాలు సర్దుకున్నాడు.

నేను ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తాను. అత్తగారు నన్ను "ఎముకల ఫొటోలమ్మాయి" అనేది. మా ఇద్దరిదీ ఉప్పూ నిప్పూ వ్యవహారమేమీ కాదు. ఒకరి మాట ఒకరికి పడేది కాదు, అంతే.

ఆవిడకి మోకాళ్ళ నొప్పులు ముదిరాక ఎముకల డాక్టరు చీటీ రాశారు. రెండు మోకాళ్ళూ, నిలబెట్టి తీయాలి. నిలబెట్టి అని ఊరికే రాయరు. మోకాలి గుజ్జు ఫిల్ములో కనబడదు. రెండు ఎముకల మధ్య నల్లటి సందు మాత్రం కనబడుతుంది. గుజ్జు ఉండేది అక్కడే. పడుకుంటే కాలి మీద బరువు ఉండదు కాబట్టి, అరిగిపోయిన మోకాల్లో కూడా సందు ఉన్నట్టే అనిపించవచ్చు. నిలబడితే ఎముక మీద ఎముక కూర్చుని అసలు సంగతి బయటపడుతుంది. అందుకే నిలబెట్టి తీసేటప్పుడు పైకి చూపే చిన్న సీసపు బాణం పెడతాం. అది ఫిల్ము మీద తెల్లగా పడుతుంది, నిలబెట్టి తీశామని డాక్టరుకి అదే గుర్తు.

ఆ రోజు తలుపు బయట ఇరవైమంది ఉన్నారు.

"నిలబడలేనమ్మాయ్," అంది అత్తగారు. "నా మొహం ఎలాగూ బాగుండదు, మోకాళ్ళైనా బాగా తియ్యి."

నవ్వొచ్చింది నాకు. జాలిపడ్డానో విసుక్కున్నానో ఇప్పటికీ తేల్చుకోలేను. బల్ల మీద పడుకోబెట్టి తీసేశాను. అంతకుముందు మనిషికి పెట్టిన బాణం ఫిల్ము పలక మీదే ఉండిపోయింది. నిలబడలేనన్న మనిషి మోకాళ్ళు నిలబడడానికి భేషుగ్గా ఉన్నాయని ఫిల్ము సాక్ష్యం చెప్పింది.

బాణం నేను అప్పుడే చూశాను. ఇంతలో మా ఆయన ఫిల్ము తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళిపోయాడు. సాయంత్రం చెబుదాంలే అనుకున్నాను. ఇంటికి వెళ్ళేసరికి, "సందు బాగానే ఉందట, అమ్మని నడవమన్నారు. ఇక అమ్మ కోసం కింది గది మనం ఖాళీ చెయ్యక్కర్లేదు," అన్నాడు. ఇంట్లో గాలీ వెలుతురూ వచ్చే గది అదొక్కటే. నేను నోరు మెదపలేదు. బాణం సంగతి పొరపాటే. ఆ సాయంత్రం సంగతి పొరపాటు కాదు.

మా ఆయన అక్క, మా వదిన, రెండు వీధుల అవతల ఉంటుంది. తల్లంటే ప్రాణం. అందుకే గట్టిగా ఉండేది. ఫిల్మును కిటికీ వెలుగులో ఎత్తి పట్టుకుని వచ్చినవాళ్ళందరికీ చూపించేది. "ఇంత సందు ఉంది కదమ్మా, ఈ నాటకాలేంటి? లేచి నడువు," అనేది. అత్తగారు నడిచింది. పధ్నాలుగు మెట్లు, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆన్చి, గోడ పట్టుకుని, రెండేళ్ళు. చివరికి జ్వరంతో పోయింది, మోకాళ్ళతో కాదు. ఆ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను.

పట్టపగలు ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఆ చెయ్యి గోడకి రాసుకుంటూ దిగడం వినబడుతుంది. సగం మెట్ల దగ్గర ఆగుతుంది. నేను గదిలోంచి బయటికి రాను. భయం కాదు, ఏ మొహం పెట్టుకుని చూడను?

పోయిన వారం వదిన చీటీ పట్టుకుని మా ఎక్స్‌రే గదికే వచ్చింది. కుడి మోకాలు. నిలబెట్టి, బాణం పెట్టి తీశాను. ఎముక మీద ఎముక కూర్చుంది. సందన్న మాటే లేదు.

వదిన ఫిల్ము చూసి తల ఊపింది. "చూశావా, నాది నిజం నొప్పి. అమ్మలా నాటకం కాదు."

ఊరుకుంటే ఊరుకోవచ్చు, అడిగేవాళ్ళు లేరు. కానీ ఆ మాట అత్తగారు వింటున్నట్టే అనిపించింది.

"ఒక్కసారి పడుకోండి వదినా," అన్నాను. అక్కర్లేని ఫిల్ము తీయడం మా పనిలో తప్పు. తెలిసే తీశాను. రెండూ పక్కపక్కన లైటు పెట్టె మీద పెట్టాను.

వదిన రెండోదాని దగ్గరికి వంగింది. "ఇది అమ్మది కదూ? ఇంకా దాచావా?"

"మీదే. ఇప్పుడు తీసిందే, పడుకోబెట్టి."

వదిన దీన్నీ దాన్నీ మార్చి మార్చి చూసింది. ఆవిడ తెలివైన మనిషి, ఎక్కువ చెప్పాల్సిన పని పడలేదు.

"అమ్మని ఎలా తీశావు?"

"పడుకోబెట్టే."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"ఆ రోజే."

తిడుతుందనుకున్నాను. తిట్టాలని ఎంతగానో కోరుకున్నాను. వదిన బల్ల అంచున కూర్చుని తన మోకాలిని రెండు చేతులతో పట్టుకుంది.

"చివరి నెలలో ఒకరోజు నేను మీ ఇంటికి వస్తే, అమ్మ వేడినీళ్ళు పైకి తెచ్చిపెట్టమంది," అంది. "కావాలంటే దిగి రా, నీ ఫిల్ము నేను చూశాను అన్నాను. దిగి వచ్చింది. దిగి వచ్చి, నా చెంబు నేనే ముంచుకుంటాలే అంది."

లేవబోయింది. చెయ్యి అందించాను. పట్టుకోలేదు. అరచెయ్యి గోడకి ఆన్చి, ఒక అడుగు వేసి, రెండో పాదం దాని పక్కకి తెచ్చుకుని, ఆగి, మళ్ళీ అడుగు వేస్తూ తలుపు దాకా వెళ్ళింది. గోడ మీద చెయ్యి రాసుకున్న ఆ చప్పుడు నాకు బాగా తెలుసు.