విమానం మేజోళ్లు

ప్రేమమ్మ చేతులకు మేజోళ్లు తొడుక్కుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. పల్చటి ఆకుపచ్చ మేజోళ్లు. ఆఫ్రికా వాళ్ల విమానంలో కాళ్లకు వేసుకోమని ఇచ్చినవి. ఆమె భర్త ఆదాం అక్కడి పత్తి జిన్నింగ్ మిల్లులో ఫిట్టరు. రెండేళ్లకోసారి నెల సెలవు మీద వస్తాడు. ఈసారి వచ్చినప్పుడు ఇవి తెచ్చాడు. బొటనవేలు పట్టేలా ఆమె బ్లేడుతో కంత పెట్టుకుంది.

"మొగుడి కాళ్లవి నీ చేతికా ప్రేమమ్మా!" అంది పక్కన కూర్చున్న జాన్‌బీ. "ఆ విమానంలో కూర్చున్న చోటికే అన్నం తెస్తారంటగా?"

"తెస్తారంట. సీటు వెనక్కి వాలుద్దంట, దుప్పటి కప్పుతారంట. ఇంటికాడ కూడా అట్టాగే చెయ్యమన్నాడు మా ఆయన."

అందరూ నవ్వారు. నవ్వు దగ్గులోకి దిగింది. గుంటూరులో మిరప పనికి వచ్చేవాళ్లలో దగ్గనివాళ్లు లేరు.

ఆదాం కూడా నెలంతా దగ్గాడు. రెండు రోజుల కిందట బయలుదేరేటప్పుడు బూట్ల తాళ్లు పట్టుకుని మంచం మీదే కూర్చుండిపోయాడు.

"ఈసారి ఎల్లలేనే. గుండె పట్టేసినట్టుంది."

"నా చీరకున్న మిరప ఘాటులే అది. విమానం ఎక్కితే చల్లగాలికి అదే పోద్ది," అంది ప్రేమమ్మ.

అంతకు ముందు ఆదివారం ఆమె తలంటుకుని, ఘాటు లేకుండా ఉతికిన చీర కట్టుకుని చర్చికి వెళ్లినప్పుడు కూడా అతను దగ్గాడు. ఆమె విన్నది. విని, గోడల దాకా లేచి ఆగిన ఇంటికి పడాల్సిన స్లాబు గురించి ఆలోచించింది.

"సరేలే," అని ఆదాం బూట్ల తాళ్లు కట్టుకున్నాడు.

తొడిమలు తీస్తున్న చోటికి మధ్యాహ్నం చిలకలూరిపేట నుంచి లక్ష్మీకాంత్ మోటారుసైకిల్ మీద వచ్చాడు. ఆదాంని ఆ మిల్లులో పెట్టించింది అతనే. అందరి ముందూ చెప్పలేక ఆమెను గోడ పక్కకు పిలిచాడు.

"నిద్రలోనే పోయాడమ్మా. విమానంలోనే. సీటు వాల్చుకుని పడుకుంటే అక్కడి అమ్మాయి దుప్పటి కప్పిందంట. అన్నం తెచ్చి కూడా, అలిసిపోయాడు పాపం అని లేపలేదంట. దిగేటప్పుడు చూశారు."

ప్రేమమ్మ మేజోళ్లకంటిన మిరప గింజలు దులుపుకుంది.

"దగ్గు తగ్గిందా అండీ, ఎక్కినాక?"

"పడుకునేదాకా దగ్గుతూనే ఉన్నాడని పక్క సీటాయన చెప్పాడంటమ్మా."

ఆమె తల ఊపింది. వెనక్కి వచ్చి మేజోళ్లు ఊడదీసింది. జాన్‌బీ ఏమైందని అడుగుతున్నా వినకుండా, ఒట్టి చేతులతో వెళ్లి మోటారుసైకిల్ ఎక్కింది.

కాయల కుప్ప మీద మేజోళ్లు రెండూ, లోపల ఇంకా చేతులున్నట్టే ఉబ్బి ఉన్నాయి, కొసలు ఎర్రగా.