గొలుసులో ఆమె వంతు

బుధవారం మధ్యాహ్నం చర్చిలో జరిగే ఆడవాళ్ల కూడికలో చివరి పని గొలుసు ప్రార్థన. కుర్చీలు గుండ్రంగా వేసుకుని, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, కళ్లు మూసుకుంటారు. ఒకరు ప్రార్థన ముగించగానే పక్కనున్నవాళ్ల చెయ్యి మెల్లగా నొక్కుతారు. నొక్కారంటే వంతు వచ్చిందన్నమాట. ఆ నొక్కు చేతినుంచి చేతికి తిరిగి, మొదలుపెట్టినవాళ్ల దగ్గరికి చేరితే కూడిక అయిపోయినట్టు.

అది మైకమ్మ దగ్గరికి వచ్చిందంటే మాత్రం అందరూ కుర్చీల్లో కాస్త సర్దుకుని కూర్చునేవాళ్లు. ఆవిడ అసలు పేరు సంఘంలో సగంమందికి తెలియదు. మైకు అక్కర్లేని గొంతు కాబట్టి మైకమ్మ. నెలలు నిండిన పిల్ల దగ్గర్నుంచి పరీక్ష తప్పిన కుర్రాడి దాకా, ఆవిడ ప్రార్థనలో చోటు దొరకనివాళ్లు ఉండేవారు కాదు.

"మా అమ్మ మొదలుపెట్టిందంటే దేవుడు కూడా కుర్చీ వేసుకుని కూర్చోవాల్సిందే" అనేవాడు కొడుకు. అతను బస్సు డ్రైవరు.

మైకమ్మ ఏమీ చిన్నబుచ్చుకునేది కాదు. "కూర్చోనీరా. ఆయనకి మాత్రం ఎక్కడికెళ్లాలని తొందర" అనేది.

కోడలు దీనికి సరిగ్గా ఎదురు. ఆమె ప్రార్థన రెండు వాక్యాలు. ఆ రెండూ గొంతు దాటి బయటికి వచ్చేసరికి ఒకటిన్నర వాక్యమే మిగిలేది. తను పాఠం చెప్పే సండే స్కూలు పిల్లల ముందు తప్ప ఆమె నోరు పెద్దగా తెరుచుకోదు. అందుకే గొలుసులో ఎప్పుడూ అత్త పక్కనే కూర్చునేది. అంత పెద్ద ప్రార్థన తర్వాత ఇంత చిన్నది వస్తే ఎవరూ పట్టించుకోరని ఆమె ధైర్యం.

అలాంటి మైకమ్మకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. పోగా ఒక్క మాట మిగిలింది: "కాదు". కాఫీ తాగుతారా అంటే "కాదు" అని గ్లాసు అందుకునేది. నొప్పిగా ఉందా అంటే "కాదు" అని కన్నీళ్లు పెట్టుకునేది. ఏ "కాదు"కి ఏమిటి అర్థమో గొంతునిబట్టి ఇంట్లోవాళ్లు నెమ్మదిగా నేర్చుకున్నారు.

మంచం దిగి మొదటిసారి చక్రాల కుర్చీలో కూడికకి వచ్చిన రోజు అందరూ సంతోషంతో చుట్టూ మూగారు. కూడిక నడిపే పాస్టరమ్మ ఆవిడ స్వస్థత కోసం ప్రత్యేకంగా ప్రార్థించింది. అందరూ ఆమెన్ అన్నారు. మైకమ్మ కూడా నిండు గొంతుతో అంది.

"కాదు."

టైలరమ్మ నవ్వు ఆపుకోలేక ముక్కు చీదినట్టు నటించింది. గొలుసు తిరుగుతూ మైకమ్మ దగ్గరికి వచ్చి ఆగింది. ఆవిడ పెదాలు కదిలాయి. నుదుటిమీద చెమట పట్టింది. ఏమీ రాలేదు. చాలాసేపటికి పాస్టరమ్మ మృదువుగా, "ప్రభువుకి మీ మనసు తెలుసు అక్కయ్యా" అని, తనే ముగించింది.

తర్వాతి వారం మైకమ్మ కుర్చీని కిటికీ దగ్గర పెట్టారు.

"గాలి బాగా తగులుతుంది అక్కయ్యగారికి" అంది పాస్టరమ్మ. "హాయిగా కూర్చుని వింటే చాలు. ఆవిడ చేసినన్ని ప్రార్థనలు ఇక్కడ ఎవరు చేశారు గనక."

మంచి మనసుతోనే అంది. గొలుసు మైకమ్మ లేకుండానే తిరిగింది. కోడలు ఒకసారి కళ్లు తెరిచి కిటికీవైపు చూసింది. అత్త కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాయి. ఎడమ చెయ్యి ఒళ్లో వెల్లకిలా తెరిచి ఉంది, ఎవరో వచ్చి పట్టుకుంటారన్నట్టు.

ఆ సాయంత్రం మైకమ్మ కంచం పక్కకి నెట్టేసింది.

"కూర వేడిచెయ్యనా అత్తయ్యా?"

"కాదు."

ఈ "కాదు"కి అర్థం కోడలికి తెలుసు. కానీ తను చెయ్యగలిగిందేమిటో తెలియలేదు.

*

వ్యాయామం చేయించడానికి వచ్చే ఫిజియో, ఎడమ చేతికి వేళ్లతో చేసే పని ఏదైనా అలవాటు చెయ్యమన్నాడు. కోడలు సండే స్కూలు బీరువాలోంచి బొమ్మల కాగితాలు, లావుపాటి మైనపు రంగుల పెట్టె తెచ్చింది. రొట్టెలూ చేపలూ, తుపానులో పడవ, గొర్రెలమంద. గీతలు గీసి ఉంటాయి, లోపల రంగు వెయ్యడమే.

మైకమ్మ మొదట వాటిని చూసి మొహం తిప్పుకుంది. ఈ వయసులో పిల్లచేష్టలా అన్నట్టు. కోడలు ఏమీ అనకుండా బల్లమీద పెట్టేసి, తన పనిలోకి వెళ్లింది. గంట తర్వాత వచ్చి చూస్తే రొట్టెలన్నిటికీ గోధుమరంగు పడింది. గీత దాటి బుట్టమీదికి, బుట్ట దాటి బల్లమీదికి కూడా పడింది.

కోడలికి చెప్పలేనంత సంతోషం కలిగింది. చెయ్యి అలవాటుగా పనిచేసింది. రంగుల పెట్టెలో ఉన్న స్టిక్కర్లలోంచి బంగారు రంగు నక్షత్రం తీసి కాగితం మూలన అంటించింది. సండే స్కూలు పిల్లలకి ప్రతి వారం చేసేదే.

"చాలా బాగా వేశారు అత్తయ్యా."

మైకమ్మ ఆమెవైపు చూసిన చూపుకి పచ్చిగడ్డి అంటుకునేది. తర్వాత ఎడమ చేతి గోరుతో ఆ నక్షత్రాన్ని కొసనుంచి గీకడం మొదలుపెట్టింది. గోరు జారుతోంది, మళ్లీ పెడుతోంది. మొత్తం ఊడేదాకా వదల్లేదు. ఊడినదాన్ని కోడలి అరచేతిలో పెట్టి అంది, "కాదు."

కోడలు సిగ్గుతో వంటగదిలోకి వెళ్లిపోయింది. ఎందుకంత కోపమో మాత్రం అర్థం కాలేదు.

అర్థమైంది ఒక వానరోజున. కొడుకు బస్సు రావలసిన వేళ దాటిపోయింది. కొండదారిలో మట్టి జారి బళ్లు ఆగిపోయాయని పక్కింటివాళ్లు చెప్పారు. కోడలు గుమ్మానికీ కిటికీకీ మధ్య తిరుగుతోంది. అప్పుడు మైకమ్మ రంగుల పెట్టె దగ్గరికి లాక్కుంది. మూత తీసే ముందు, కుర్చీ వీపుమీద వేలాడుతున్న, కూడికకి వేసుకెళ్లే తెల్లటి ముసుగు అందుకుని, ఒంటి చేత్తో అవస్థపడుతూ తలమీద కప్పుకుంది.

కోడలు నడక ఆపేసింది. చేతి వ్యాయామానికి తలమీద ముసుగు ఎవరు వేసుకుంటారు?

మైకమ్మ కళ్లు మూసుకుని కాసేపు కూర్చుంది. కళ్లు తెరిచి పడవ బొమ్మ తీసుకుంది. తలుపు వెనక కొక్కేనికి ఉన్న కొడుకు యూనిఫారం చొక్కావైపు ఒకసారి చూసి, ఆ నీలం వెతికి పట్టుకుంది. పడవలో తెడ్డు దగ్గర కూర్చున్న మనిషికి ఆ రంగు వెయ్యడం మొదలుపెట్టింది. ఒకసారి వేసి ఆపలేదు. వేసినదానిమీదే మళ్లీ, మళ్లీ. మైనం కాగితంమీద మందంగా పేరుకుంది. పెదాలు కదల్లేదు, మొహంలో మాత్రం పాత బుధవారాల మైకమ్మ కనిపించింది, ఎవరి మాటకీ మధ్యలో ఆగని మైకమ్మ.

కోడలు వచ్చి ఎదురుగా కూర్చుంది.

"అత్తయ్యా, ఇది ఆయన కోసమేనా?"

మైకమ్మ చెయ్యి ఆపకుండానే తలూపింది. ఇప్పటికి తెలిసిందా తల్లీ అన్నట్టుంది ఆ ఊపు.

ప్రార్థనకి నక్షత్రం అంటించానన్నమాట అనుకుంది కోడలు. చెవులు వేడెక్కాయి. తనూ కళ్లు మూసుకుంది. కొడుకు తడిసి ముద్దై ఇంటికి వచ్చేసరికి ఇద్దరూ ఆ బల్ల దగ్గరే ఉన్నారు.

"ఏంటి, అత్తాకోడళ్లిద్దరూ బొమ్మలేసుకుంటున్నారా? నేనక్కడ చస్తూ బతుకుతూ బండి నడుపుతుంటే" అన్నాడు తల తుడుచుకుంటూ.

"మీ పనిలోనే ఉన్నాం లెండి" అంది కోడలు.

*

ఎవరింటికీ వెళ్లి గట్టిగా మాట్లాడే అలవాటు లేని కోడలు మర్నాడు పాస్టరమ్మ ఇంటి తలుపు కొట్టింది. పాస్టరమ్మ ఉతికిన బట్టలు మడతపెడుతోంది.

"అమ్మగారూ, మా అత్తయ్యని మళ్లీ గొలుసులో కూర్చోబెట్టండి. ఆవిడ ప్రార్థన చేస్తున్నారు. రంగులతో."

జరిగినదంతా చెప్పింది. పాస్టరమ్మ నవ్వలేదు, శ్రద్ధగా వింది.

"చూడు అమ్మాయీ, ఇంట్లో ఎలా చేసుకున్నా దేవుడు వింటాడు. అందులో నాకు అనుమానం లేదు. కానీ గొలుసంటే వేరు. ఒకరు అడుగుతారు, మిగతావాళ్లం మనసారా ఒప్పుకుని ఆమెన్ అంటాం. ఆవిడేమడుగుతున్నారో తెలియకుండా మేం దేనికి ఆమెన్ అనాలి? నువ్వే చెప్పు."

కోడలికి ఆ ప్రశ్నలో తప్పేమీ కనిపించలేదు. మడతపెట్టిన దుప్పటి కొస ఒకటి పట్టుకుని సాయం చేసి, ఇంటికి వచ్చేసింది.

మైకమ్మ ఆమె మొహం చూసే పసిగట్టింది. దాచడం చేతకాక కోడలు ఉన్నదున్నట్టు చెప్పింది. "దేనికి ఆమెన్ అనాలి అని అడిగారు అత్తయ్యా. నాకు జవాబు తోచలేదు."

మైకమ్మ కోప్పడలేదు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, లెక్క తేలని దుకాణదారులా చాలాసేపు ఆలోచించింది. తర్వాత కాగితాల కట్ట దగ్గరికి లాక్కుని ఒక్కొక్కటే తిరగేసి, గొర్రెలమంద బొమ్మ ఏరి విడిగా పెట్టుకుంది.

*

బుధవారం కోడలు కుర్చీని అలవాటుగా కిటికీవైపు తోసింది. కుర్చీ కదల్లేదు. మైకమ్మ బాగున్న కాలు నేలకి తన్నిపెట్టి ఉంది. గుండ్రంగా వేసిన కుర్చీల మధ్య ఉన్న ఖాళీకేసి చూస్తోంది. ఒళ్లో అట్ట, అట్టమీద గొర్రెల బొమ్మ, రంగుల పెట్టె.

అందరూ పాస్టరమ్మవైపు చూశారు.

"జరగండమ్మా, జరగండి" అని నర్సమ్మ లేచి కుర్చీ పక్కకి లాగింది. "పెద్దమ్మతో కాలు దువ్వి గెలిచినవాళ్లెవరు."

గొలుసు మొదలైంది. టీచరమ్మ తర్వాత టైలరమ్మ, టైలరమ్మ తర్వాత నర్సమ్మ. నర్సమ్మ ముగించి, పడిపోయిన ఆ కుడి చేతిని నొక్కితే తెలియదని, చెయ్యి పైకి జరిపి మైకమ్మ భుజాన్ని నొక్కింది. ఎడమ చెయ్యి రంగులకి కావాలి కాబట్టి, గొలుసు తెగకుండా కోడలు ఆవిడ మోచెయ్యి పట్టుకుంది.

పెట్టె మూత తీసిన చప్పుడు. కాగితంమీద మైనం రాసుకునే చప్పుడు. ఆ చప్పుడు ఆగడం లేదు. ముందు టైలరమ్మ ఒక కన్ను తెరిచింది. తర్వాత టీచరమ్మ. ఒకరి తర్వాత ఒకరు, ప్రార్థన మధ్యలో ఎన్నడూ తెరవని కళ్లు అన్నీ తెరుచుకున్నాయి.

మైకమ్మ తలెత్తి టైలరమ్మని చూస్తోంది. ఆమె పసుపుపచ్చ బట్టలు చూసి, పెట్టెలో పసుపు తీసి, మందలో ఒక గొర్రెకి నిండా వేసింది. మళ్లీ తలెత్తి ఆమె మొహం చూసింది. పుట్టిన నెల తిరక్కముందే బిడ్డని పోగొట్టుకున్న మొహం అది. మైకమ్మ పెద్ద గొర్రె పక్కన గీతల్లో లేని ఒక చిన్న గొర్రెని తనే వంకరటింకరగా గీసి, దానికీ పసుపే వేసింది.

టైలరమ్మకి దుఃఖం పొంగుకొచ్చింది. "ఆమెన్" అంది.

తర్వాత నర్సమ్మ లేతాకుపచ్చ. టీచరమ్మ ఊదా. ఎవరి గొర్రె ఎవరిదో చెప్పక్కర్లేకుండానే తెలుస్తోంది. తన వంతు వచ్చినవాళ్లు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు, అయిపోగానే ఆమెన్ అంటున్నారు. ఎవరికీ తొందర లేదు.

చివరికి పాస్టరమ్మ మిగిలింది. ఆమె నిలువెల్లా తెలుపు కట్టుకుంది. మైకమ్మ ఆమెవైపు చూసింది, పెట్టెలోకి చూసింది. ఎవరూ వాడక కొత్తదిలా ఉన్న తెల్లరంగు ముక్క బయటికి తీసింది. తెల్ల కాగితంమీద తెల్ల గొర్రెకి తెల్లరంగు వెయ్యడం మొదలుపెట్టింది.

ఏమీ కనిపించడం లేదు. చెయ్యి కదులుతోంది, మైనం అరుగుతోంది, కాగితం ముందెలా ఉందో అలాగే ఉంది. మైకమ్మ మాత్రం మిగతావాళ్లకి ఎంతసేపు వేసిందో అంతకంటే ఎక్కువే వేసింది. మూలలు కూడా వదల్లేదు. గీత దాటకుండా జాగ్రత్తపడింది. పాస్టరమ్మకి ఆ మధ్య ఏం కష్టం వచ్చిందో కోడలికి తెలియదు, అక్కడ ఎవరికీ తెలియదు. పాస్టరమ్మ ఆ కదిలే చేతినే చూస్తూ చూస్తూ తల వంచుకుంది. ఒళ్లో ఒక్కో చుక్కా రాలి తెల్లబట్టమీద మచ్చలు పడుతున్నాయి.

మైకమ్మ చెయ్యి ఆగింది.

"ఆమెన్" అంది పాస్టరమ్మ. మిగతావాళ్ల ఆమెన్‌లకంటే గట్టిగా అంది.

మైకమ్మ తెల్లరంగుని పెట్టెలో దాని చోట్లో పెట్టింది. అట్ట ఒళ్లో వాల్చి, కోడలి చెయ్యి అందుకుని, ఉన్న బలమంతా పెట్టి నొక్కింది.

కోడలి వంతు. ఆమె రెండు వాక్యాలూ ఎక్కడికో పోయాయి. ఈవిడ మా అత్తయ్య అని లేచి నిలబడి అందరికీ చెప్పాలనిపించింది, అక్కడ ఆ సంగతి తెలియనివాళ్లు ఒక్కరూ లేకపోయినా. కళ్లు మూసుకుంది. మాట కోసం వెతుక్కుంది.

మైకమ్మ కాసేపు చూసింది. ఇంక లాభంలేదనుకుని మోచేత్తో కోడలి డొక్కలో ఒక పోటు పొడిచింది.