జలీలా రొట్టెకు చందా

సీరియల్ వాళ్ళు జలీలా ఇంట్లో మూడు రోజులు తిన్నారు.

పోయిన చలికాలం మొదట్లో కైరో నుంచి వచ్చి, నైలు పడమటి గట్టున చెరుకు చేల వెనక ఉన్న ఆ సందులో లైట్లు దించారు. కథలో హీరో పారిపోయి వచ్చి ఒక ముసలామె వాకిట్లో దాక్కుంటాడట. అలాంటి వాకిలీ, అలాంటి మట్టి పొయ్యీ వాళ్ళకి ఇంకెక్కడా దొరకలేదట. పొయ్యి దొరికాక ముసలామె కూడా అక్కడే దొరికింది. కైరో నుంచి తెచ్చుకున్న నటి పిండి ముద్దను పట్టుకున్న తీరు చూసి జలీలా, "అది పిల్లికూన కాదమ్మా, పిండి" అంది. అందరూ నవ్వారు. డైరెక్టరు మాత్రం నవ్వలేదు. "నువ్వే చెయ్యి తల్లీ" అన్నాడు.

జలీలా చేసింది. ఎండలో పొంగిన రొట్టెల అంచులకు గాట్లు పెట్టింది, పొయ్యిలోకి తోసింది, రాసిచ్చిన మాటను పక్కన పెట్టి తనకు తోచిన మాట హీరోతో అంది. అదే బాగుందన్నారు. మూడుసార్లు అనిపించారు. ఆ మూడు రోజులూ నలభై మందికి రొట్టె, పప్పు, మొలోఖియా ఆకు పులుసు ఆ పొయ్యి మీదే ఉడికాయి. డబ్బివ్వబోతే జలీలా చెయ్యి వెనక్కి నెట్టింది. వాకిట్లోకి వచ్చినవాళ్ళకి రొట్టె పెట్టి డబ్బు పుచ్చుకోవడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు.

"రంజాన్‌లో రోజుకో భాగం వేస్తాం. నువ్వు పదిహేనో రోజు వస్తావు. సందు సందంతా చూడండి" అని చెప్పి వెళ్ళిపోయాడు డైరెక్టరు.

రంజాన్ వచ్చింది. టీవీలో ఆ సీరియల్ రాలేదు. అది నజ్మా అనే యాప్‌లో మాత్రమే వస్తుందనీ, దానికి నెలనెలా చందా కట్టాలనీ జలీలా మనవరాలు తహానీ తన ఫోనులో వెతికి కనుక్కుంది. తహానీకి పదిహేనేళ్ళు. నలుగురిలో నోరు విప్పాలంటే తలగుడ్డ కొంగు మూతికి అడ్డం పెట్టుకునే పిల్ల. అందుకని ఆ కబురు నానమ్మకు ఒక్కదానికే, పిండి పిసుకుతుంటే చెవిలో చెప్పింది.

చెవిలో చెప్పినా ఎదురింటి ఉమ్ హిలాల్‌కి వినిపించింది. ఆమెకు వినిపించని మాట ఆ సందులో పుట్టలేదు.

"చందా ఏమిటే, చందా? మీ నానమ్మ వచ్చే ముక్కని కోసేసి ఉంటారు. పొద్దంతా ఉపవాసం ఉండి జనం కూర్చునేది జలీలా మొహం చూడ్డానికా?"

"నీ మొహం చూడ్డానికైతే అసలు రానే రారు" అంది జలీలా పిండి మీంచి తల ఎత్తకుండా.

"సరే, పందెం. పదిహేనో రోజు నీ మొహం కనిపిస్తే నీ పొయ్యికి నెల రోజులు నేను బూడిదెత్తుతాను. కనిపించకపోతే సినిమా తారనని ఇంకెప్పుడూ నోరెత్తకు."

ఆ రోజు నుంచి బావి దగ్గర, మర దగ్గర, మసీదు మెట్ల దగ్గర ఇదే మాట. జలీలా ఉందా, కోసేశారా? నానమ్మ నవ్వుతూనే ఉంది గానీ, రాత్రి పక్క మీద మూడుసార్లు, "నిజంగా ఉంటానంటావా?" అని తహానీని అడిగింది.

చందా సంగతి షాజలీ బాబాయ్ తేల్చాడు. ఇరవై ఏళ్ళ నుంచీ సందుకంతటికీ టీవీ ఆయన మిద్దె మీది డిష్ నుంచే వస్తోంది. ఒక్క డిష్, పదకొండు ఇళ్ళకు మిద్దెల మీదుగా లాగిన తీగలు. అందరూ తలా కొంచెం ఇస్తారు, అందరూ ఒకటే చూస్తారు. దాన్ని వస్లా అంటారు. ఆ సందులో ఎవరూ దాన్ని తప్పనుకోలేదు; నీళ్ళ కుళాయిలాగా అదొక ఏర్పాటు.

"ఇది మాత్రం ఏమిటి? తీగ లేని వస్లా" అన్నాడు షాజలీ. "ఒక్క చందా కడదాం. పదకొండు ఇళ్ళలో అదే పేరు, అదే పాస్‌వర్డు. తహానీ, నువ్వు ఇంటింటికీ వెళ్ళి పెట్టిరా తల్లీ."

తహానీ వెళ్ళింది, పెట్టింది. పద్నాలుగో రోజు దాకా బాగానే నడిచింది, ఎందుకంటే ఎవరికి తీరినప్పుడు వాళ్ళు చూసుకున్నారు.

పదిహేనో రోజు సాయంత్రం వేరు. పొద్దుగూకే వేళ మగ్రిబ్ అజాన్ అయి, ఖర్జూరం నోట్లో పడిందో లేదో, ఆడవాళ్ళందరూ కతాయెఫ్ మిఠాయి పళ్ళేలతో జలీలా వాకిట్లోకి వచ్చేశారు. షాజలీ తన పెద్ద టీవీ తెచ్చి అరుగు మీద పెట్టాడు. ఉమ్ హిలాల్ అందరికన్నా ముందు వరసలో, ఒడిలో గింజల పొట్లంతో కూర్చుంది. జలీలా పెట్టెలోంచి తీసిన నల్ల గౌను తొడుక్కుంది. ఇళ్ళల్లో మిగిలిన మగవాళ్ళు కూడా తమ తమ టీవీల్లో అదే యాప్ తెరిచి ఆ భాగం కోసం కూర్చున్నారు. జలీలా వచ్చే రోజు కదా మరి.

తహానీ బొత్తాం నొక్కింది. తెర నల్లబడింది. తెల్లటి అక్షరాలు వచ్చాయి.

"ఏమంటోంది?" అంది జలీలా.

తహానీ చదివింది. "ఈ చందా ఒక ఇంటికి సంబంధించినది. పదకొండు చోట్ల వాడుతున్నారు కాబట్టి నిలిపివేశాం."

"ఒక ఇల్లంటే ఎంతమందో అడగవే" అంది ఎవరో. "మా ఇంట్లోనే పద్దెనిమిది మంది."

"అందరూ ఆపేస్తే మళ్ళీ తెరుస్తారట" అంది తహానీ మెల్లగా.

"అయితే నిలబడతావేం? పరుగెత్తు!"

తహానీ పరుగెత్తింది. గడప గడపకూ వెళ్ళి, మగవాళ్ళ ముందు నిలబడి, "టీవీ ఆపండి" అంది. మొదటి ఇంట్లో వినిపించలేదు. రెండో ఇంట్లో, "ఏమ్మా, ఎవరు పోయారు?" అన్నారు. మూడో ఇంటికి వచ్చేసరికి కొంగు మూతి మీంచి జారిపోయింది, మళ్ళీ సర్దుకోలేదు. ఆఖరింట్లో ఎవరూ లేరు. గుడ్డి గాడిద ఒక్కటే కొట్టంలో, టీవీ మాత్రం గదిలో మోగుతోంది. తీగ పట్టుకుని లాగేసింది.

వగరుస్తూ తిరిగొచ్చి పాస్‌వర్డు మళ్ళీ కొట్టింది. తెర వెలిగింది. వాకిట్లో చప్పట్లు. పద్నాలుగో భాగం బొమ్మ కనిపించింది, దాని పక్కన ఉండాల్సిన పదిహేనో భాగం లేదు. ఆ చోట ఒక వరస: ఈ సీరియల్ మిగతా భాగాలు ఇకపై రివాక్‌లో చూడవచ్చు.

"రివాక్ ఎవడు?" అన్నాడు షాజలీ.

"ఇంకో యాప్, బాబాయ్. ఇంకో చందా."

"సగం ఇక్కడ, సగం అక్కడా? అంటే చొక్కా ఒక కొట్లో, చేతులు ఇంకో కొట్లో అమ్ముతున్నారన్నమాట!"

"నీ వస్లా ఏడిచినట్టుంది షాజలీ" అంది ఉమ్ హిలాల్ గింజల పొట్టు ఉమ్ముతూ. "కోసేశారంటే విన్నారు కాదు."

జలీలా తన తలగుడ్డ కొంగు ముడి విప్పి నోట్లు తహానీ చేతిలో పెట్టింది. అవి తీసుకుని షాజలీ తన ఫోను వాలెట్‌లోంచి రివాక్‌కు కట్టాడు. ఈసారి పదిహేనో భాగం కనిపించింది. జలీలా పొయ్యి బొమ్మే! పొయ్యి, వాకిలి, గోడకు చేరేసిన రొట్టెల పలకలు. వాకిట్లో కేక పుట్టింది. ఆ బొమ్మ మీద బంగారు రంగు తాళం గుర్తు. కింద ఒక వరస: బంగారు సభ్యులకు ఈ రోజే, మామూలు సభ్యులకు పండగ తరవాత.

"ఆ తాళం మన పొయ్యి మీద ఎవరు వేశారు?" అంది జలీలా.

ఆమె గొంతు మెల్లగానే ఉంది. అది విని తహానీ లేచింది. తెర కింద ఉన్న నంబరుకు ఫోను చేసింది. పాట వచ్చింది. మీ సంతోషమే మా సంతోషం అని ఒక ఆడగొంతు నాలుగుసార్లు చెప్పింది. తరవాత ఒక అబ్బాయి, పేరు హైసమ్ అట, ఏం సాయం కావాలన్నాడు.

తహానీ చెప్పింది. మొదట తడబడింది, తరవాత తడబడలేదు.

"అర్థమైంది మేడమ్. మీరు బంగారు చందా తీసుకుంటే ఇప్పుడే చూడొచ్చు. అది ఏడాదికి ఒకేసారి కట్టాలి."

"మాకు ఏడాది వద్దు. ఒక్క భాగం చాలు. అందులో మా నానమ్మ ఉంది."

"అభినందనలు మేడమ్. ఏడాది చందా..."

"మీరు మా ఇంట్లో తిన్నారు!" తహానీ అరిచింది. వాకిట్లో గింజల చప్పుడు ఆగిపోయింది. "మూడు రోజులు! నలభై మంది! మా నానమ్మ చేతులు కాల్చుకుని మీకు వండింది. మీరు ఒక్క రొట్టెకు తాళం చూశారా? మొదటి రోజు రొట్టె ఇచ్చి, రెండో రోజు పక్కింటికి పొమ్మన్నామా? బంగారు వాళ్ళకి వేడి రొట్టె, మామూలు వాళ్ళకి పండగ తరవాత అన్నామా?"

"మేడమ్, షూటింగ్ చేసినవాళ్ళు వేరు, మేము వేరు."

"నజ్మా వేరు, రివాక్ వేరు, షూటింగ్ వేరు, నువ్వు వేరు! డబ్బు పుచ్చుకునేటప్పుడు ఒక్కడైనా వేరా? మరి తిట్టాలంటే ఎవరిని తిట్టాలి, చెప్పు!"

అబ్బాయి, కాగితం చూసి చదువుతున్నట్టు, "మీ అభిప్రాయం మాకు విలువైనది" అన్నాడు. తహానీ ఫోను పెట్టేసింది. అందరూ తన మొహంలోకే చూస్తున్నారు, అయినా ఆమెకు సిగ్గనిపించలేదు. ఆ సంగతి చాలాసేపటికి గానీ తనకే తెలియలేదు.

"ఏడాదికి ఎంతటే?" అంది ఒకామె.

తహానీ చెప్పింది. ఎవరో అమ్మో అన్నారు. అయినా ఆడవాళ్ళు ఒక్కొక్కరే ముడులు విప్పడం మొదలుపెట్టారు. పండగ బట్టలకని దాచుకున్న నోట్లు, గుడ్లమ్మిన చిల్లర ఒక ఖాళీ పళ్ళెంలో పడ్డాయి. షాజలీ ఫోను తీశాడు. ఉమ్ హిలాల్ కూడా, ఎవరూ చూడట్లేదనుకుని, పళ్ళెం కింద ఒక నోటు దూర్చింది.

"ఆగండి" అంది జలీలా.

లేచి నిలబడింది. పళ్ళెంలో పడ్డ నోట్లు ఏరి ఎవరివి వాళ్ళకు, ఉమ్ హిలాల్‌ది ఉమ్ హిలాల్‌కి, ఇచ్చేసింది.

"ఎందుకే జలీలా, ఇంకొక్క మెట్టేగా" అన్నాడు షాజలీ.

"ఒక్క మెట్టని రెండు మెట్లు ఎక్కించారు. ఎక్కుతూ పోతే పైన ఇంకోటి కడతారు. నా వాకిలి, నా పొయ్యి, నా మొహం. ఆ మొహం నేను చూసుకోవడానికి నేను కట్టాలా? ఆపెయ్యి పిల్లా. రెండు చందాలూ తీసిపారెయ్యి."

"చూడవా నానమ్మా?" అంది తహానీ.

"చూడాలనే ఉంది" అంది జలీలా. "అది వేరే సంగతి. ఆపెయ్యి."

ఆపడానికి కూడా తహానీకి చాలాసేపు పట్టింది. మీరు వెళ్ళిపోతే మాకు బాధ అని ఒకటి, సగం ధరకు ఉండండి అని ఇంకొకటి, ఎందుకు వెళ్తున్నారో చెప్పండి అని మరొకటి. ఎందుకో రాయమన్న గళ్ళో తహానీ ఏదో రాసింది. ఏం రాసిందో షాజలీకి కూడా చూపించలేదు. తెర ఆరిపోయాక రాత్రి తరావీహ్ నమాజుకు పిలుపు వినిపించింది, అందరూ పళ్ళేలు తీసుకుని లేచారు.

మర్నాడు పొద్దున మర దగ్గర పొరుగూరి ఆడవాళ్ళు జలీలాను చుట్టుముట్టారు. తహానీ గోధుమ బస్తా మీద చెయ్యి వేసి నిలబడి ఉంది. "నిన్న నీ భాగం కదా? వచ్చావా? చూశారా?"

జలీలా నోరు తెరిచేలోపు ఉమ్ హిలాల్ ముందుకొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది. "చూశామమ్మా. ఎంత బాగుందనుకున్నారు! రాణీలా ఉంది. నా రెండు కళ్ళతో చూశాను."

తహానీ ఆశ్చర్యంగా నానమ్మ వైపు తిరిగింది. నానమ్మ మొహం ఎర్రబడింది.

"అబద్ధం చెప్పకే" అంది జలీలా.

"నీకోసమే కదే!"

"నాకోసం వద్దు. చూశామంటే ఆ తాళం వేసినవాళ్ళ తప్పేమీ లేనట్టే. కోసేశారన్నా ఆ తాళం సంగతి మరుగున పడినట్టే." జలీలా పొరుగూరి వాళ్ళ వైపు తిరిగింది, మర హోరులో వినిపించేంత గట్టిగా. "చూడలేదు. అందులో ఉన్నాను, చూడనివ్వలేదు. మీ ఊళ్ళో కూడా ఇలాగే చెప్పండి."

ఉమ్ హిలాల్ ఒక్క క్షణం బిక్కమొహం వేసింది. తరవాత తన బస్తా భుజానికెత్తుకుని, "చూడనివ్వలేదు, దొంగవెధవలు" అంది, తను మొదటి నుంచీ అదే అంటున్నట్టు.