అయిదింతల స్కోపు

కోసపాళయంలో ఒంటరిగా ఎలక్ట్రానిక్ రిపేరు కొట్టు నడిపే సుబ్బరాయలు, కాలేజీ ల్యాబులో పనిచేసే అనుప్రియ ఇచ్చిన సర్క్యూట్ బోర్డుకు, సిగ్నల్ పుట్టించే క్రిస్టల్‌ను రెండుసార్లు మార్చాడు. అయినా సిగ్నల్ ఆకారం గీసి చూపే కొట్టులోని ఆసిలోస్కోపు తెరమీద, నిటారు అంచులతో ఉండాల్సిన చదరపు తరంగం పొట్టిగా, గుండ్రటి అలలాగే కనబడింది.

మూడోరోజు ఆమె ల్యాబు నుంచి వంద మెగాహెర్ట్జ్ స్కోపు తెచ్చి తగిలించింది. అంచులు నిటారుగా నిలిచాయి.

“బోర్డు బాగానే ఉంది తాతా. సిగ్నల్ ఇరవై మెగాహెర్ట్జ్, నీ స్కోపు పట్టుకోగలిగే బ్యాండ్‌విడ్తూ ఇరవయ్యే. అంచులు సరిగ్గా కనబడాలంటే అది సిగ్నల్‌కు అయిదింతలన్నా ఉండాల.”

“ఇన్నేండ్లూ దీన్నే నమ్మితి గదమ్మా!”

పొరపాటు తెలిసినా ఆయనకు బాధ కలగలేదు. పని గురించి ఎవరైనా తనతో కూర్చుని మాట్లాడి ఏళ్లయింది. ఆమె వైర్లు చుడుతుంటే గబగబా ఒక పాత రేడియో తీశాడు.

“ఇదీ ఒకసారి చూస్తావా?”

“బస్సుకు టయిమైంది తాతా.”

ఆమె వెళ్లాక చాలాసేపు వీధివైపు చూస్తూ కూర్చున్నాడు.