చెరిపేసిన నాలుగో గడి

"చోరు కార్డులట! అందరికీ తలా ఒకటి ఇస్తారట! ఎర్రగా వచ్చినవాడు దొంగన్నమాట!"

లిఫ్టుల మరమ్మతు కంపెనీ గేటు దగ్గర కాపలా తాత వేసిన కేకకు మెకానిక్కులంతా పానాలు చేతబట్టుకుని బయటికొచ్చారు. డైరెక్టరు అన్నది స్కోరు కార్డులని. అసలే కాస్త మందమైన తాత చెవిలో పడేసరికి స్కోరు కాస్తా చోరైంది.

ఆ కార్డులు గీస్తున్నది బావగారు. ఆయన భార్య తమ్ముడు అక్కడే మెకానిక్కు. వాడొక్కడు పిలిచిన పాపానికి ఆయన కంపెనీ అంతటికీ బావగారైపోయాడు.

కార్డులో నాలుగు గడులు గీశాడు. ఎన్ని లిఫ్టులు బాగుచేశారు, ఎంత త్వరగా వెళ్లారు, జనం ఏమన్నారు. నాలుగోది, చెడిపోకముందే ఎన్నింటిని కాపాడారు.

బావమరిది పని తీరే వేరు. ఎవరూ పిలవకముందే వెళ్లి, కేబుళ్లు తడిమి, తలుపుల చప్పుడు విని, గ్రీజు పూసి వస్తాడు. వాడు చూసే బిల్డింగుల్లో లిఫ్టు ఆగిందన్న మాటే వినపడదు.

"బావా, ఆ నాలుగో గడి తీసేశావో, నీ కార్డులో నేను ఉత్త సోమరిపోతుని."

"మార్కుల కోసం మీ అక్కచేత చెప్పించకురోయ్!"

"నాకు మార్కులెందుకు బావా, మరకలున్నాయిగా!" అని చొక్కా చూపించాడు వాడు.

బావగారి నవ్వు రెండంతస్తుల మధ్య ఇరుక్కున్న లిఫ్టులా గొంతులోనే ఆగింది. ఆ గడి నిండేది ఒక్క బావమరిదికే. రేపు నలుగురూ 'బావ గీసిన గడిలో బావమరిది కూర్చున్నాడు' అనరూ? కొలిచేవాడి పేరే చెడితే కొలతను ఎవడు నమ్ముతాడు? అలా తనకు తానే సర్దిచెప్పుకుని నాలుగో గడి చెరిపేశాడు. పేజీ కూడా చక్కగా సరిపోయింది.

నెల తిరిగేసరికి బావమరిది కార్డు మిరపపండులా వచ్చింది. బాగుచేసిన లిఫ్టులు: సున్నా. డైరెక్టరు వాడి బిల్డింగులు మిగతావాళ్లకు పంచి, వాణ్ని సామాన్ల గదికి పంపించాడు. వాడు వచ్చి లిఫ్టు గదుల తాళంచెవులు బావగారి బల్లమీద పెట్టాడు.

"ఉండరా, వచ్చేనెల సరిచేస్తాను."

"వద్దులే బావా. తాత చోరు కార్డన్నప్పుడు నవ్వొచ్చింది. నువ్వు సున్నా రాస్తే రాలేదు."

వాడు వేరేచోట చేరాడు. ఇంట్లో భార్య కూర వడ్డిస్తోంది, మాట మాత్రం వడ్డించడం లేదు.

ఇక్కడేమో కొన్నాళ్లకే కార్డులన్నీ ఆకుపచ్చగా కళకళలాడాయి. డైరెక్టరు అందరినీ పిలిచి, "మన మరమ్మతులు రెట్టింపయ్యాయి!" అంటూ బావగారి చేతిలో షీల్డు పెట్టబోయాడు. చప్పట్లు మోగాయి.

బావగారు చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"అవన్నీ మావాడు చూసిన బిల్డింగులే సార్. వాడు లేక చెడుతున్నాయి, వీళ్లు బాగుచేస్తున్నారు. చెడితేనే మార్కులొచ్చే కార్డు గీశాను నేను. నాలుగో గడి ఉండాలని నాకు తెలుసు. మావాడికి మేలు చేశానని మాటొస్తుందని చెరిపేశాను."

వెనకనుంచి తాత గొంతు వినిపించింది.

"అయితే అది దొంగల కార్డు కాదా బావగారూ?"

"కాదు తాతా. స్కోరు కార్డు. అంటే మార్కుల కార్డు."

"అయ్యో! ఎర్రగా వచ్చిందన్నారని, పోయేరోజు ఆ అబ్బాయి సంచి గేటు దగ్గర దులిపించానే!"

"ఏం దొరికింది?"

"గ్రీజు డబ్బా. 'ఇది కంపెనీదే తాతా' అని అక్కడే పెట్టేసి పోయాడు."