వరి పూసే గంట

బడులకు గ్రాంట్లు ఇచ్చే ఫౌండేషన్‌లో పని నాది. ఇచ్చే పని అంటున్నాను గానీ, నిజానికి నేను చేసేది ఎక్కువగా కొట్టెయ్యడమే. పిల్లలకు వ్యవసాయం నేర్పే బడులకు సాయం చెయ్యాలని ఈ ఏడు కొత్త పథకం పెట్టాం. దాని నియమాలన్నీ పంజాగుట్ట ఆఫీసులో ఏసీ గదిలో కూర్చుని రాసింది నేనే. మూడో నియమం: బడికి కనీసం పావు ఎకరం నేల ఉండాలి. తణుకు పక్క పల్లెలో వరి చేల మధ్య పుట్టినదాన్ని, ఆ మాత్రం నాకు తెలియదా అనుకున్నాను.

అందుకే అమీర్‌పేట నుంచి దరఖాస్తు వస్తే నవ్వొచ్చింది. అక్కడ కాలు పెట్టడానికే చోటుండదు, ఇక నాగలి ఎక్కడ పెడతారు? నేల అనే గడిలో 'డాబా' అని రాశారు. అయినా చూడకుండా కొట్టేస్తే మా డైరెక్టర్ హనుమత్ప్రసాద్ గారు ఊరుకోరు. జాబితా ముగిసేది ఆ రోజే, మధ్యాహ్నం రెండింటికి. పొద్దున్న మెట్రో ఎక్కి ఒక్క స్టేషన్ దాటి దిగాను. అరగంటలో వెనక్కి వచ్చెయ్యొచ్చని నా ధీమా.

కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య నాలుగంతస్తుల ఇరుకు బడి అది. గేటు దగ్గరే హెడ్మాస్టర్ రాఘవేందర్ గారు శాలువాతో నిలబడి ఉన్నారు. లోపల హాల్లో స్టేజి మీద, సగానికి కోసిన నీళ్ల క్యాన్లు పద్దెనిమిది వరసగా పెట్టారు. ఒక్కోదానికి పసుపు, కుంకుమ, ఎర్ర రిబ్బను. వాటిలో వరి దుబ్బులు. కిటికీల కర్టెన్లు మూసి, మీద రంగు బల్బుల దండలు వేలాడదీశారు.

"మీరు నాలుగంతస్తులు ఎక్కుడు ఎందుకని నిన్న సాయంత్రమే డాబా మీదికెల్లి అన్ని దింపిచ్చినం మేడం," అన్నారాయన సంబరంగా.

పెద్దవాళ్లు వస్తున్నారంటే మన బడుల్లో జరిగేదే ఇది. మొక్క దగ్గరికి మనిషిని తీసుకెళ్లరు, మొక్కనే మనిషి ముందుకు మోసుకొస్తారు. నేను ఫైలు తీశాను. పచ్చటి ఆకులు, అప్పుడప్పుడే ఈనిన కంకులు. ముచ్చటగానే ఉన్నాయి. కానీ అది పావు ఎకరం కాదు కదా.

"బావుందండీ. కానీ నేల లేదు. నేను చెయ్యగలిగిందేం లేదు," అన్నాను.

దరఖాస్తు రాసింది సైన్సు టీచరు బతూల్. ఆమె చూపు క్యాన్ల మీదే ఉంది. పక్కన నిలబడ్డ ఎనిమిదో తరగతి పిల్ల అల్ఫియా మాత్రం కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది.

"ఎందుకమ్మా ఏడుస్తున్నావు? గ్రాంటు రాదనా?"

"కాదు మేడం. టైం పదయింది. ఎండ లేకుంటె ఇవి ఇచ్చుకోవు."

"ఏంటి విచ్చుకోనివి?"

"పూలు."

వరికి పూలేంటని అనబోయి ఆగాను. పాఠంలో చదివాను, పరీక్షలో రాశాను కూడా. చూసిన గుర్తు మాత్రం లేదు.

బతూల్ మెల్లగా చెప్పింది. "ఒక్కో పువ్వు ఒక్కసారే ఇచ్చుకుంటది మేడం, గంట సేపు. ఆ గంటల పుప్పొడి పడితెనే గింజ. పడకుంటె తాలు. నిన్నటి సంది చీకట్ల ఉన్నయి. ఇయ్యాల ఇచ్చుకోవాల్సినయి ఏమైతయో నాకు సుత తెల్వదు." ఒక కంకి నిమురుతూ, "గ్రాంటు రాకుంటె దసరా తర్వాత ఈ డాబాను పక్కనున్న హాస్టల్‌కి ఇచ్చేస్తరు. పిల్లలు చూసే పూత ఇదొక్కటే," అంది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఎవరి మీదో తెలియలేదు, బహుశా నా మీదే. నాలుగంతస్తులు ఎక్కే కాళ్లు నాకు లేవనుకున్నారు, నేను కూడా కాళ్లు లేనట్టే వచ్చాను. ఫైలు కుర్చీలో పడేసి, కొంగు దోపుకుని ఒక క్యాన్ ఎత్తాను. తడిమట్టి బరువుకి నడుం పట్టేసింది. రాఘవేందర్ గారు "అయ్యో మేడం, మీరెందుకు" అంటూనే ఇంకోటి ఎత్తారు. చుట్టూ ఉన్న పిల్లలు ఇద్దరికొకటి చొప్పున పట్టుకున్నారు.

"మాది వరి పండే ఊరేలే, నాకివి అలవాటే," అన్నాను మెట్ల మీద, ఆయాసం దాచుకుంటూ.

"కంకి గోడకు తగల్నియ్యకుండ్రి మేడం," అంది అల్ఫియా.

చివరి క్యాన్ డాబా మీదకి చేరేసరికి పదీ నలభై. ఎండ బాగానే కాస్తోంది. పిల్లలు పిట్టగోడ వారగా కూర్చుని, ఎవరూ చెప్పకుండానే మాటలాపేశారు. పదకొండయింది. పదకొండుంబావు కూడా అయింది. కంకుల్లో చలనం లేదు. కింద రోడ్డు మీద హారన్లు, పైన మెట్రో రైలు రొద. నేను వచ్చానన్న పాపానికి ఒక రోజు పూత పోయిందని భయం పట్టుకుంది. గ్రాంటు సంగతి అప్పుడు నిజంగా నాకు గుర్తులేదు.

అంతలో అల్ఫియా చేత్తో సైగ చేసి భూతద్దం నా చేతిలో పెట్టింది.

గింజ అనుకుంటామే, ఆ చిన్న ఆకుపచ్చ పొట్టు, మధ్యకి సన్నగా చీలింది. రెండు రెక్కలూ మెల్లగా పక్కకి జరిగాయి. లోపలినుంచి ఆరు దారాలు పైకి లేచాయి, ఒక్కోదాని కొసన లేత పసుపు సంచి. నేను చూస్తుండగానే లేచాయి. లేచి, వంగి, బయటికి వేలాడాయి. పొడి రాలడం కంటికి కనబడింది. దాని పక్కది తెరుచుకుంది. దాని కిందది తెరుచుకుంది. తలెత్తి చూస్తే పద్దెనిమిది క్యాన్లలోనూ అదే, ఏ చప్పుడూ లేకుండా.

ఆ వేడి గచ్చు మీదే కూర్చుండిపోయాను. నలభై ఆరేళ్లుగా అన్నం తింటున్నాను. తిన్న ప్రతి మెతుకూ ఏదో ఒక రోజు, ఒక గంట, ఇలా తలుపు తీసుకుని నిలబడిందని నాకు తెలియదు. మా ఊళ్లో కనుచూపు మేరా చేలే. ఆ గంటకి అక్కడ ఎన్ని కోట్ల పూలు తెరుచుకుని ఉంటాయో. నేను ఆ గట్టు మీదే బస్సు కోసం పరిగెత్తి ఉంటాను.

అల్ఫియా నోట్సులో టైము రాసుకుంది. "రోజు పదింటికే అయ్యేది మేడం. ఇయ్యాల గంటంబావు లేటయింది. మీరు చిన్నప్పుడు రోజు చూసేటోళ్లా?"

"లేదమ్మా," అన్నాను. "ఇదే మొదటిసారి."

ఆ పిల్ల నన్ను జాలిగా చూసి, భూతద్దం ఇంకాసేపు నా దగ్గరే ఉంచింది.

రెక్కలు మూసుకునేదాకా ఉండి, ఒంటిగంటకి ఆఫీసు చేరాను. హనుమత్ప్రసాద్ గారు లంచ్ బాక్స్ ముందు కూర్చుని ఉన్నారు.

"నేలుందా?"

"లేదు సార్. మినహాయింపు రాశాను. మీ సంతకం కావాలి."

"నియమం మీరు రాసిందే కదా నాగేశ్వరి గారూ. ఒకళ్లకి సడలిస్తే పదిమంది అడుగుతారు."

"చూడకుండా రాశాను సార్," అన్నాను. ఆ మాట ఆఫీసులో నేనెప్పుడూ అనలేదు. తర్వాత డాబా సంగతంతా చెప్పాను. ఆయన తింటూనే విన్నారు. ఆయనదీ మా వైపే, భీమవరం దగ్గర. వాళ్ల నాన్నగారికి రైసు మిల్లు ఉండేది.

"పువ్వు తప్పితే గింజే లేదా?"

"లేదు సార్. ఒక్కో గింజకి ఒక్కో పువ్వు."

కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. ఆయన బాక్సులో అన్నం కేసి చూశారు. చాలాసేపు చూశారు.

"రేపు ఎన్నింటికి విచ్చుకుంటాయి?" అన్నారు చివరికి.

"మన కోసం కిందికి దింపకపోతే పదింటికి సార్."

తలూపారు. ఒక్క మెతుకు మిగల్చకుండా తిని, చెయ్యి కడుక్కొచ్చి, సంతకం పెట్టారు.